భార్యనో భర్తనో అమెరికా తీసుకెళ్లడం: ఐ-130 నుంచి గ్రీన్ కార్డు దాకా, ఏ పని తర్వాత ఏ పని

అమెరికా సిటిజన్‌కు ఆంధ్రలోనో తెలంగాణలోనో పెళ్లయింది. భార్య లేదా భర్త ఇంకా ఇక్కడే ఉన్నారు. వాళ్లను ఇమిగ్రెంట్ వీసా మీద తీసుకెళ్లాలంటే స్పాన్సర్, అంటే తీసుకెళ్లే మనిషి, ఐ-130 అనే పిటిషన్‌తో మొదలుపెట్టాలి. ఏ పని ఎప్పుడు చేయాలో, కేసు ఎక్కడ ఆగిపోతుందో ఈ మార్గదర్శిలో ఉంది. హెచ్1బీ మీదో చదువు మీదో ఇప్పటికే అమెరికాలో ఉన్నవారి దారి వేరు. దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

ముందే ఒక మాట. ఈ కేసుల్లో ఆలస్యమంతా అమెరికా ఆఫీసుల వల్లే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడి క్యూ మన చేతిలో లేదు, నిజమే. కానీ క్యూలో ఏడాది నిలబడ్డాక కూడా కేసు వెనక్కి వస్తోందంటే కారణం ఎక్కువగా మన ఇంటి బీరువాలోని కాగితాలే. ఒకదాంట్లో ఒక పేరు, ఇంకోదాంట్లో ఇంకో తేదీ ఉంటాయి. అందుకే ఫారాల కంటే ముందు కాగితాల గురించే ఎక్కువ చెబుతున్నాం.

1. ముందు మీరు ఏ వరుసలో ఉన్నారో తేల్చుకోండి

స్పాన్సర్ అమెరికా సిటిజన్ అయితే భార్య/భర్త 'ఇమీడియట్ రిలేటివ్' కిందికి వస్తారు. ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి వీరికి లేదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే కేటగిరీ ఎఫ్2ఏ. అప్పుడు నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో మీ ప్రయారిటీ తేదీ (పిటిషన్ వేసిన రోజు) దాకా నంబరు రావాలి.

మధ్యలో స్పాన్సర్‌కు సిటిజన్‌షిప్ వస్తే కొత్తగా పిటిషన్ వేయనక్కర్లేదు. సర్టిఫికెట్ కాపీ పంపి కేటగిరీ మార్పించుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎఫ్2ఏలో పిల్లలు తల్లి/తండ్రి కేసులోనే కలిసి వస్తారు. సిటిజన్ కేసులో అలా కుదరదు, ఒక్కో బిడ్డకు విడిగా ఐ-130 వేయాలి. భార్య/భర్తకు మొదటి పెళ్లి వల్ల పిల్లలుంటే, ఈ పెళ్లి నాటికి ఆ బిడ్డకు 18 ఏళ్లు నిండి ఉండకూడదు. ఇండియాలో పుట్టిన బిడ్డకు సిటిజన్ అయిన తల్లి/తండ్రి ద్వారా పుట్టుకతోనే పౌరసత్వం వచ్చి ఉండొచ్చు. ఆ సిటిజన్ బిడ్డ పుట్టే నాటికి అమెరికాలో మొత్తం 5 ఏళ్లు, అందులో 14 ఏళ్ల వయసు దాటాక 2 ఏళ్లు ఉన్నారా అన్నది చూడండి. ఉంటే ఆ బిడ్డకు వీసా అడగకూడదు, కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించాలి.

వీసా మీద సీఆర్1 అనో ఐఆర్1 అనో ఉంటుంది. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్1, అంటే రెండేళ్ల షరతు కార్డు. నిండితే ఐఆర్1, పదేళ్ల కార్డు.

2. పెళ్లి రిజిస్ట్రేషన్: సెలవు అయిపోకముందే

శుభలేఖ, కల్యాణ మండపం రసీదు, గుడిలో ఇచ్చిన పత్రం పెళ్లి సర్టిఫికెట్‌గా చెల్లవు. హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. పెళ్లి జరిగిన చోట గానీ, ఇద్దరిలో ఒకరు ఉంటున్న చోట గానీ చేయించుకోవచ్చు. దంపతులిద్దరూ సాక్షులతో కలిసి హాజరు కావాలి. మూడు వారాల సెలవు మీద వచ్చిన వరుడు విందులన్నీ ముగించుకుని చివరి రెండు రోజుల్లో దీనికి బయల్దేరితే స్లాట్ దొరక్కపోవచ్చు. పెళ్లైన మొదటి వారంలోనే పూర్తి చేయండి.

మతాంతర వివాహమైతే ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఉంటుంది. సెలవును దాని ప్రకారమే పెట్టుకోవాలి. ముస్లింలు నిఖానామాతో పాటు వక్ఫ్ బోర్డు సర్టిఫికెట్ తీసుకోవాలి. తెలుగులోనో ఉర్దూలోనో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి. ఆ భాష తనకు వచ్చని, అనువాదం సంపూర్ణం, సరైనదని అనువదించినవారు సంతకం చేసి ఇవ్వాలి.

ఇప్పుడు తేదీ సంగతి. మన ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. శుభలేఖలో 'బుధవారం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు, తెల్లవారితే గురువారం' అని వేస్తాం. ఇంట్లో అందరూ పెళ్లి బుధవారమనే అంటారు. క్యాలెండర్ ప్రకారం అది గురువారం తేదీ. సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఐ-130లో ఒక తేదీ, ఇంటర్వ్యూలో నోటితో చెప్పేది మరో తేదీ అయితే ఆఫీసర్‌కు సందేహం రావడం సహజం. సర్టిఫికెట్ చేతికి రాగానే తేదీ చూసుకోండి, తప్పుంటే అక్కడే దిద్దించండి. అన్ని ఫారాల్లోనూ అదే తేదీ రాయండి. రిజిస్ట్రేషన్ జరిగిన రోజును పెళ్లి తేదీగా రాయడం కూడా తరచూ జరిగే పొరపాటే.

ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్లయితే కోర్టు విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలి. పెద్దమనుషుల పంచాయితీలో రాసుకున్న కాగితంతో పని జరగదు. హిందూ వివాహ చట్టంలో డిక్రీ మీద అప్పీలుకు 90 రోజుల గడువుంది. ఆ లోపే మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లుబాటు మీదే ప్రశ్న వస్తుంది. ముహూర్తం పెట్టే ముందే ఆ తేదీ లెక్కేసుకోండి.

3. పేరు, పుట్టిన తేదీ: సగం కేసులు చిక్కుకునే చోటు

ఒక తెల్ల కాగితం మీద గడులు గీయండి. ఎడమవైపు పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, ఎస్‌ఎస్‌సీ మెమో, పెళ్లి సర్టిఫికెట్, ఆధార్, పాన్ అని రాయండి. పైన ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు, తల్లి పేరు రాసుకుని, ప్రతి కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క ఇంగ్లిష్ అక్షరం కూడా మార్చకుండా ఎక్కించండి. ఈ పనికి గంట పడుతుంది. ఏ కాగితం దిద్దించాలో అప్పుడే తెలిసిపోతుంది.

తరచూ కనిపించే తేడాలు, వాటికి మందు:

- ఇంటిపేరు గడి ఖాళీ. పాస్‌పోర్టులో పేరంతా 'గివెన్ నేమ్'లో పెట్టి సర్‌నేమ్ వదిలేస్తే, అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి మొదటి పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అదే పేరు గ్రీన్ కార్డుకీ, సోషల్ సెక్యూరిటీ కార్డుకీ ఎక్కుతుంది. ఐ-130 వేయక ముందే పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి రెండు గడులూ నింపించండి.
- పొడి అక్షరాలు. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇది పెద్ద అడ్డంకి కాదు. ఫారంలో 'వాడిన ఇతర పేర్లు' అడిగే చోట రెండో రూపం కూడా రాయండి.
- స్పెల్లింగ్. ఒకచోట 'హెచ్' ఉంటుంది, ఒకచోట ఉండదు. తల్లి పేరులో ఇది మరీ ఎక్కువ. జనన ధ్రువపత్రాన్ని మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో దిద్దించడమే సరైన దారి. అది కుదరకపోతే రెండూ ఒకరివే అని అఫిడవిట్ జత చేయాలి.
- బడిలో వేసిన తేదీ. ఒకటో తరగతిలో చేర్చడానికి వయసు సరిపోలేదని మాస్టారు వేసిన తేదీయే మెమోకీ, పాస్‌పోర్టుకీ ఎక్కింది. ఆసుపత్రి రికార్డులో అసలు తేదీ ఉంది. ఇప్పుడు జనన ధ్రువపత్రం తీస్తే అసలు తేదీతో వస్తుంది. ఫైల్ వేయక ముందే రెండింటినీ ఒకటి చేయాలి. ఆధారం లేకుండా పాస్‌పోర్టు తేదీతో కొత్తగా పత్రం పుట్టించమని సలహా ఇచ్చే మధ్యవర్తుల మాట వినకండి. తప్పుడు పత్రం బయటపడితే శాశ్వత నిషేధం దాకా పోతుంది.

పుట్టుక నమోదే కాకపోతే నమోదు లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. దాంతో పాటు తల్లిదండ్రులో, ఆ పుట్టుక తెలిసిన పెద్దవాళ్లో ఇచ్చే అఫిడవిట్లు, ఎస్‌ఎస్‌సీ మెమో పెట్టాలి. ఆలస్యంగా నమోదు చేయించిన పత్రం ఉన్నా మెమో జత చేయడం మంచిది.

పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మార్చాలా అని చాలామంది అడుగుతారు. కేసు పూర్తయ్యేదాకా మార్చకపోవడమే మేలు. పుట్టింటి ఇంటిపేరుతోనే అన్ని కాగితాలూ కలుస్తుంటే వాటిని కదపనవసరం లేదు.

4. పెళ్లి నిజమైనదని చూపే ఆధారాలు

పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో పరిచయానికీ పెళ్లికీ మధ్య రెండు నెలలే ఉండొచ్చు. అది తప్పేమీ కాదు, మన పద్ధతి అంతే. దాన్ని దాచనక్కర్లేదు, కానీ వివరించాలి. ఒక పేజీలో వరుసగా రాయండి: సంబంధం ఎవరి ద్వారా వచ్చింది, మొదటిసారి ఎప్పుడు మాట్లాడుకున్నారు, పెళ్లిచూపులు ఏ ఊళ్లో, నిశ్చితార్థం, పెళ్లి, తర్వాత కలిసి ఎన్ని రోజులున్నారు, స్పాన్సర్ మళ్లీ ఎప్పుడు వచ్చారు.

ఆ పేజీలోని ప్రతి వాక్యానికీ ఒక ఆధారం ఉండాలి:

- ఫొటోలు 20 నుంచి 30 చాలు. పెళ్లివి ఆరేడు పెట్టి మిగతావి పెళ్లి తర్వాతవి పెట్టండి. ప్రతిదాని కింద తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారో రాయండి.
- బోర్డింగ్ పాస్‌లు, పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్రలు
- హోటల్ బిల్లులు, ఇద్దరి పేర్ల మీద టికెట్లు
- డబ్బు పంపిన రసీదులు
- కాల్ లాగ్‌లు, చాట్ స్క్రీన్‌షాట్లు: నెలకు ఒకటి రెండు పేజీలు చాలు
- బీమా, బ్యాంకు ఖాతా, ఉద్యోగ పొదుపు ఖాతాలో నామినీగా భార్య/భర్త పేరు

పెళ్లి ఆల్బమ్ మొత్తం పెట్టి, పెళ్లి తర్వాత ఏడాదికి ఒక్క కాగితమూ పెట్టకపోవడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు. ఆఫీసర్ చూసేది మండపం ఎంత బాగుందని కాదు. మూడు ముళ్ల తర్వాత ఇద్దరూ భార్యాభర్తలుగా బతుకుతున్నారా అన్నదే చూస్తారు.

5. ఐ-130 వేయడం

ఆన్‌లైన్‌లో వేయండి. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున యూఎస్‌సీఐఎస్ (పిటిషన్లు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో చూసుకోండి.

జత చేయాల్సినవి:

- స్పాన్సర్ పౌరసత్వ రుజువు: పాస్‌పోర్టు, నేచురలైజేషన్ సర్టిఫికెట్ లేదా అమెరికా జనన ధ్రువపత్రం
- పెళ్లి సర్టిఫికెట్, గత పెళ్లిళ్లు ఉంటే అవి ముగిసిన రుజువు
- ఐ-130ఏ: భార్య/భర్త వివరాలు. వాళ్లు ఇండియాలో ఉంటే సంతకం అక్కర్లేదు, కానీ ఫారం మాత్రం నింపాలి
- ఇద్దరివీ 2 అంగుళాల చదరపు ఫొటోలు
- నాలుగో భాగంలో చెప్పిన ఆధారాలు

రసీదు ఐ-797సీ వస్తుంది. ఆమోదానికి ఏడాదికి పైగా పట్టడం మామూలే. ఈలోగా 'ఆర్‌ఎఫ్‌ఈ' అని అదనపు ఆధారాలు అడిగితే, అడిగినవన్నీ కలిపి ఒకేసారి పంపాలి. విడతలుగా పంపితే మొదటి విడత మీదే నిర్ణయం తీసుకోవచ్చు.

ఎదురుచూసే కాలంలో విజిటర్ వీసా మీద వెళ్లొద్దామనుకుంటే అడిగిన చోట పెండింగ్ పిటిషన్ సంగతి దాచకండి. గతంలో వీసా దరఖాస్తుల్లో చెప్పిన విషయాలకూ ఇప్పుడు చెప్పేవాటికీ పొంతన ఉండాలి. పాతవన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. ఒకప్పుడు అమెరికాలో గడువు దాటి 180 రోజులకు మించి ఉండి వెళ్లిపోయినవారికి 3 ఏళ్లు, ఏడాది అంతకు మించితే 10 ఏళ్లు నిషేధం ఉంటుంది. అలాంటి చరిత్ర ఉంటే ఫైల్ వేయక ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి.

6. ఎన్‌వీసీ దశ

ఆమోదం అయ్యాక ఫైల్ నేషనల్ వీసా సెంటర్ (ఎన్‌వీసీ)కు వెళ్తుంది. ఇంటర్వ్యూ ముంబైలో జరిగే కేసుల నంబరు 'బీఎంబీ'తో మొదలవుతుంది. వరుస ఇది:

1. ఎన్‌వీసీ చెప్పిన సైట్‌లో లాగిన్ అయి రెండు ఫీజులు కట్టండి: వీసా దరఖాస్తుకు 325 డాలర్లు, అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్‌కు (ఖర్చు భరిస్తానని స్పాన్సర్ ఇచ్చే హామీ, ఫారం ఐ-864) 120. అమెరికా బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి.
2. ఫీజు నమోదయ్యాక డీఎస్-260, అంటే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు, తెరుచుకుంటుంది. 16 ఏళ్ల వయసు నుంచి ఉన్న చిరునామాలన్నీ అడుగుతుంది. ఇంటర్ హాస్టల్, ఇంజినీరింగ్ నాటి అద్దె గది, అమీర్‌పేటలో కోచింగ్‌కి ఉన్న పీజీ కూడా లెక్కలోకి వస్తాయి. ముందే కాగితం మీద నెల, ఏడాదితో రాసుకోండి.
3. ఐ-864, ఆదాయ పత్రాలు, ఇండియా కాగితాలు అప్‌లోడ్ చేయండి. ఒక పత్రంలో ఎన్ని పేజీలున్నా వెనక వైపుతో సహా ఒకే ఫైల్‌గా పెట్టాలి. బ్యాంకు నుంచి వచ్చిన పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవ ద్వారా తీసుకోవాలి, స్టేషన్‌లో ఇచ్చే లేఖ చెల్లదు. 16 ఏళ్లు దాటాక వేరే దేశంలో 12 నెలలు అంతకు మించి ఉంటే అక్కడి సర్టిఫికెట్ కూడా కావాలి. గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో పనిచేసి వచ్చినవాళ్లు దీన్ని చివరిదాకా వాయిదా వేయకూడదు, దూరం నుంచి తెప్పించడానికి సమయం పడుతుంది.

ఏడాది పాటు ఎన్‌వీసీకి జవాబివ్వకుండా వదిలేస్తే కేసు రద్దవుతుంది. పని ఆగినా అప్పుడప్పుడూ లాగిన్ అయి సందేశం పెడుతూ ఉండండి.

7. ఐ-864: ఆదాయం లెక్క

స్పాన్సర్ ఆదాయం పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరి కుటుంబానికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187. ఏటా కొత్త పట్టిక వస్తుంది. అలాస్కా, హవాయికి వేరే అంకెలు ఉంటాయి.

తప్పు ఎక్కువగా జరిగేది కుటుంబ సంఖ్య దగ్గర. స్పాన్సర్, వచ్చే భార్య/భర్త, పిల్లలు మాత్రమే కాదు. గతంలో అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు స్పాన్సర్ చేసి ఐ-864 ఇచ్చి ఉంటే, ఆ బాధ్యత తీరేదాకా వాళ్లనూ కలపాలి. ఇద్దరనుకున్న కుటుంబం అలా నలుగురవుతుంది.

పెట్టాల్సినవి: తాజా ఏడాదికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇచ్చే టాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్, డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రాలు), ఇటీవలి పే స్టబ్‌లు, ఉద్యోగ లేఖ. పెళ్లయిన ఏడాది కూడా 'సింగిల్' అని టాక్స్ వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే, భార్య ఇండియాలో ఉన్నా సరే, సాధారణంగా ఆ ఏడాదికి సింగిల్ కాదు. 1040-ఎక్స్‌తో సవరించండి. కలిపి వేయాలంటే డబ్ల్యూ-7 ఫారంతో భార్య/భర్తకు ఐటీఐఎన్ అనే టాక్స్ నంబరు తీసుకోవాలి.

ఆదాయం చాలకపోతే అమెరికాలో ఉంటున్న సిటిజన్ లేదా గ్రీన్ కార్డుదారు జాయింట్ స్పాన్సర్‌గా రావచ్చు, బంధువే కానక్కర్లేదు. కానీ ఇది మొహమాటానికి చేసే సంతకం కాదు, చట్టబద్ధమైన బాధ్యత. విడాకులైనా అది తీరదు. అడిగే ముందు వాళ్లకు ఆ సంగతి చెప్పండి. ఆస్తులు చూపాలంటే, సిటిజన్ భార్య/భర్త కేసులో తక్కువ పడిన మొత్తానికి మూడు రెట్లు చూపాలి.

స్పాన్సరే ఇండియాలో ఉంటే నివాసం అమెరికాలోనే అని రుజువు కావాలి. అక్కడి ఉద్యోగ ఆఫర్, ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా పనికొస్తాయి.

8. మెడికల్, ముంబై ఇంటర్వ్యూ

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అని అక్కడికి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. తెలుగు రాష్ట్రాల భార్యాభర్తల ఇమిగ్రెంట్ కేసులు మామూలుగా ముంబైకే వెళ్తాయి. మీ లేఖలో ఏ ఊరుంటే అక్కడికే వెళ్లాలి.

ఇంటర్వ్యూ తేదీ వచ్చాకే మెడికల్ చేయించాలి, అదీ కాన్సులేట్ జాబితాలోని డాక్టర్ల దగ్గరే. వేసుకున్న టీకాల రికార్డు తీసుకెళ్లండి, లేకపోతే మళ్లీ వేస్తారు. గర్భంతో ఉంటే ముందే చెప్పాలి. ఎంఎంఆర్ లాంటివి అప్పుడు వేయరు, ఎక్స్‌రే జాగ్రత్తలు వేరు. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే కళ్లె పరీక్ష కల్చర్‌కు వారాలు పడుతుంది. చిన్నప్పుడు టీబీకి మందులు వాడి ఉంటే ఆ చీటీలు వెతికి పట్టుకెళ్లండి. వీసా గడువు మెడికల్ మీద ఆధారపడి మామూలుగా ఆరు నెలల వరకే ఉంటుంది కాబట్టి తొందరపడి ముందే చేయించకండి.

ఇంటర్వ్యూ సంచిలో ఉండాల్సినవి:

- పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ లేఖ, డీఎస్-260 కన్ఫర్మేషన్ పేజీ, ఫొటోలు
- అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితానికీ ఒరిజినల్
- సంతకం చేసిన ఐ-864, తాజా పే స్టబ్‌లు
- ఐ-130 వేశాక పోగైన కొత్త ఆధారాలు: ఆ తర్వాతి ప్రయాణాలు, ఫొటోలు

ప్రశ్నలు మామూలువే. ఆయన ఏ కంపెనీలో ఏం పని చేస్తారు, ఏ ఊళ్లో ఎవరితో ఉంటారు, పెళ్లి తర్వాత ఎన్నిసార్లు వచ్చారు, మీ అత్తగారి పేరేంటి. జవాబులు బట్టీ పట్టకండి. తెలియనిది తెలియదని చెప్పండి. ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు ఇద్దరూ ఫోన్‌లో కూర్చుని ఐ-130, డీఎస్-260 కాపీలు మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటే చాలు.

221(జీ) చీటీ ఇస్తే అది చాలాసార్లు ఏదో కాగితం తక్కువైందనో, పరిశీలన మిగిలిందనో చెప్పేదే. అడిగింది మాత్రమే, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే ఇవ్వండి.

9. విమానం ఎక్కే ముందు, దిగిన తర్వాత

వీసా వచ్చాక 235 డాలర్ల యూఎస్‌సీఐఎస్ ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టండి. అది కట్టేదాకా కార్డు ముద్రించరు. సీల్ చేసిన కవరు ఇస్తే తెరవొద్దు, చెక్-ఇన్ పెట్టెలో కాక చేతి సంచిలో పెట్టుకోండి.

సీఆర్1 వీసా ఉన్నా, దిగే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండితే ఇమిగ్రేషన్ కౌంటర్‌లోనే చెప్పి ఐఆర్1గా మార్పించుకోండి. వీసా గడువు అనుమతిస్తే పెళ్లిరోజు దాటాక టికెట్ వేసుకోవడమే మంచిది, తర్వాత ఒక పెద్ద ఫారం తప్పుతుంది. ముద్ర పడిన వీసాయే ఏడాది పాటు తాత్కాలిక గ్రీన్ కార్డుగా పనిచేస్తుంది. ఇల్లు మారితే 10 రోజుల్లో యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి. కార్డులు పాత చిరునామాకు పోయి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

రెండేళ్ల కార్డు వస్తే దాని గడువుకు ముందు 90 రోజుల లోపల షరతు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం వేయాలి. ఆ 90 రోజులు మొదలయ్యే తేదీని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. ఇంటి అద్దె ఒప్పందంలో, బ్యాంకు ఖాతాలో, కారు బీమాలో, కరెంటు బిల్లులో రెండో పేరు చేర్చే పని మాత్రం దిగిన మొదటి నెలలోనే మొదలుపెట్టాలి.